పార్కులో ఒక్క మూల చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

మా పెద్దమ్మ వాళ్ల ఆల్బంలో ఒక ఫొటో ఉంది. మద్రాసులో వీజీపీ గోల్డెన్ బీచ్ అనే పార్కులో భటుడి వేషం వేసుకుని గంటల తరబడి కదలకుండా నిలబడే మనిషి, తమిళంలో సిలై మనిదన్ అంటారు, ఆయన పక్కన మా అన్నయ్య నిక్కరు వేసుకుని నాలుక బయటపెట్టి ఆయన్ని నవ్వించాలని చూస్తున్నాడు. నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో మద్రాసు చూడటానికి వచ్చిన చాలామంది ఇళ్లలో ఇలాంటి ఫొటో ఒకటి ఉంటుంది. ఈ మధ్య మా అన్నయ్య కూతురు ఆ ఫొటో పట్టుకొచ్చి, "అత్తా, ఇది ఏ సంవత్సరం, నాన్న వెనకాల కనిపించేది ఏంటి, ఇప్పుడు అక్కడ ఏముంది" అని వరసగా మూడు ప్రశ్నలు వేసింది. స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారట. నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు.

ఆ ఒక్క ఫొటో మీద మూడు ఆదివారాలు కూర్చున్నాను. అప్పటి నుంచి ఇదో వ్యసనంలా పట్టుకుంది. పార్కుల్లో ఒక్కో మూల ఎప్పుడు కట్టారు, ఎందుకు మార్చారు, పాతది ఎక్కడికి పోయింది అని వెతకడం. మీకూ అలాంటి కోరిక ఉంటే, లేదా మీ పిల్లలకూ ఇలాంటి ప్రాజెక్టే వచ్చి ఇంట్లో టెన్షన్ మొదలైతే, నేను చేసే పద్ధతి చెప్తాను.

అన్నిటికన్నా ముందు, పార్కు మొత్తం చరిత్ర జోలికి పోకండి. అది సముద్రం. ఒక్క మూల తీసుకోండి. థీమ్ ఏరియా అంటే ఒక రైడ్ కాదు. ద్వారం, గోడల రంగు, వినిపించే పాట, పనివాళ్ల బట్టలు, దొరికే తిండి, చివరికి చెత్తబుట్ట ఆకారం కూడా కలిసి ఒకే కథ చెప్పే జాగా అది. ఆ కథ ఏంటో ఒక వాక్యంలో రాసుకోండి. కొన్నిచోట్ల పేరే కథ చెప్పేస్తుంది. తాంబరం దగ్గర 1995లో కిష్కింతా అనే పార్కు పెట్టారు. పెట్టిన నవోదయా అప్పచ్చన్ సినిమా నిర్మాత, మన దేశంలో మొదటి త్రీడీ సినిమా ఆయన నిర్మించిందే, 1984లో. పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తుంటే కిష్కింధ చేశారని తిట్టే మనకి ఆ పార్కు దేని గురించో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కథ అలా ఒక్క ముక్కలో దొరికితే, తర్వాత వచ్చిన ఏ మార్పు ఆ కథలో ఇమిడింది, ఏది అతికించినట్టుంది అని చూడటం తేలిక.

ఇక అసలు సంగతి. బోర్డు మీద ఉన్నది నమ్మి చరిత్ర రాయకండి. బోర్డు రాత్రికి రాత్రి మారుతుంది, రంగు వారంలో మారుతుంది. స్తంభాలు, నీటి తొట్లు, పట్టాలు, పునాదులు మాత్రం అంత సులభంగా కదలవు, ఎందుకంటే వాటిని పగలగొట్టడానికి డబ్బవుతుంది. అందుకే నేను ఎప్పుడూ నేల నుంచి మొదలుపెడతాను. ఇది నాకు నేర్పింది చెన్నై కాదు, అమెరికాలో అనహైమ్‌లో ఉన్న డిస్నీల్యాండ్‌లోని టుమారోల్యాండ్. నేను అక్కడికి వెళ్లలేదు. కానీ ఒక మూల చరిత్ర ఎలా చదవాలో నేర్చుకోవడానికి దాన్ని మించిన పాఠం నాకు దొరకలేదు. రేపటి కాలం ఎలా ఉంటుందో చూపిస్తామని కట్టిన జాగా కాబట్టి పార్కులో మిగతా మూలలకన్నా తొందరగా పాతబడింది, మళ్లీ మళ్లీ మార్చాల్సి వచ్చింది, మార్చిన ప్రతిసారీ ఏదో ఒకటి మిగిలిపోయింది.

1955లో తెరిచినప్పుడు ఆ మూల 1986లో ఉన్నట్టు నడిపారు. హేలీ తోకచుక్క మళ్లీ వచ్చే ఏడాది అని దాన్ని ఎంచుకున్నారు. పార్కులో అన్నిటికన్నా ఆఖరున కట్టింది అదే, అప్పటికి డబ్బు అయిపోవచ్చింది. ఖాళీగా ఉన్నచోట బెలూన్లు, జెండాలు కట్టారు, కంపెనీలకు జాగా ఇచ్చి రసాయనాల ప్రదర్శన ఒకటి, అల్యూమినియం ప్రదర్శన ఒకటి పెట్టించారు. రేపటి ప్రపంచం చూద్దామని పరిగెత్తుకొచ్చిన పిల్లలకి అల్యూమినియం గొప్పతనం చూపించారన్నమాట. ఇది చదివాక నేను ఏ పార్కు మూల చూసినా మొదటి ఏడాది అక్కడ ఎవరి డబ్బు ఉంది అని అడుగుతాను. ఇక్కడా అంతే. రైడ్ పక్కన ఏ కంపెనీ పేరు ఉంది, ఆ పేరు ఎప్పుడు పోయింది అన్నది రాసుకోండి, ఎందుకు మారింది అన్న ప్రశ్నకి సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

తారీఖుల దగ్గర జాగ్రత్త. డిస్నీల్యాండ్ 1955 జూలై 17న తెరిచారని కొందరు రాస్తారు, జూలై 18 అని కొందరు రాస్తారు. రెండూ నిజమే. 17న పిలిచినవాళ్లకి, టీవీలో చూసేవాళ్లకి. 18న టికెట్ కొనుక్కున్న జనానికి. అందుకని మీ నోట్‌బుక్‌లో 'తెరిచిన తేదీ' అని ఒక్క గడి పెట్టకండి. ప్రకటించింది, రిబ్బన్ కత్తిరించింది, జనాన్ని రానిచ్చింది, మూసింది, పడగొట్టింది, పేరు మార్చింది, ఇన్ని గడులు పెట్టండి. చాలా గడులు ఖాళీగానే ఉంటాయి, ఉండనివ్వండి. నేను ఒకసారి ఒక పార్కు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిన సంవత్సరాన్నే పట్టుకుని రెండు పేజీలు రాశాను. ఆ సంవత్సరం ఆ కుటుంబం మొదట వ్యాపారం మొదలుపెట్టినదట, పార్కుది కానే కాదు. రెండు పేజీలూ చింపేయాల్సి వచ్చింది.

టుమారోల్యాండ్‌లో నాకు బాగా నచ్చిన ముక్క ఒక ప్లాస్టిక్ ఇల్లు. 1957లో మోన్శాంటో కంపెనీ వాళ్లు భవిష్యత్తు ఇల్లు అని ఒకటి కట్టించారు. మధ్యలో ఒక దిమ్మె, దాని నుంచి నాలుగు వైపులా రెక్కల్లా గదులు గాలిలోకి పొడుచుకొచ్చి ఉంటాయి, అంతా ప్లాస్టిక్. 1967లో తీసేద్దామని పెద్ద ఇనప గుండుతో కొడితే గుండు ఎగిరి వెనక్కి వచ్చిందట. ఒక్క రోజులో అయిపోతుందనుకున్న పని రెండు వారాలు పట్టింది. ఇల్లు పోయింది కానీ కింద ఉన్న కాంక్రీటు దిమ్మెని పీకలేదు, చుట్టూ మొక్కలు పెట్టి ఆకుపచ్చ రంగు వేసి వదిలేశారు. ఆ దారిన పోయే వాళ్లలో చాలామందికి అది మామూలు తొట్టి. తెలిసినవాళ్లకి మాత్రం అది 1957.

మీరు పార్కుకి వెళ్లినప్పుడు మొట్టమొదట ఇలాంటి దిమ్మెల కోసమే వెతకండి. ఏ పనీ లేని స్తంభం, ఎక్కడికీ పోని మెట్లు, నీళ్లు లేని తొట్టి, చుట్టూ కొత్త టైల్స్ ఉండి మధ్యలో ఒక్కచోటే పాత మొజాయిక్, గోడలో మూసేసిన తలుపు ఆకారం, అనవసరంగా వంకర తిరిగిన నడకదారి. దారి వంకర తిరిగిందంటే ఒకప్పుడు అక్కడ ఏదో అడ్డం ఉండేదని అర్థం. తల ఎత్తి కూడా చూడండి. కింద అంతస్తుకి కొత్త షోకులు చేస్తారు, పైన ఎవరూ చూడరని పాత రంగు అలాగే వదిలేస్తారు. ఒకచోట నేను షాపు రేకు అంచు కింద నాలుగు రంగుల పొరలు లెక్కపెట్టాను, అడుగున నీలం, దాని మీద గులాబీ, మీద పసుపు, పైన ఇప్పటి గోధుమ రంగు. ఆ నీలం మా దగ్గర ఉన్న పాత ఫొటోలో గోడకి ఉన్న నీలమే.

రంగు కూడా ఆధారమే. టుమారోల్యాండ్‌లో 1998లో తెల్లటి భవనాలకి రాగి, కంచు రంగులు వేశారు, నిజమైన భవిష్యత్తుతో పోటీ పడలేక పాతకాలం వాళ్లు ఊహించిన భవిష్యత్తు చూపిద్దామని. కొన్నేళ్లకే అక్కడి స్పేస్ మౌంటెన్ అనే రైడ్ గోపురానికి మళ్లీ తెల్లరంగు వేసేశారు. కాబట్టి ఒక ఫొటోలో ఆ గోపురం కంచు రంగులో కనిపిస్తే అది ఏ నాలుగైదేళ్లదో చెప్పేయొచ్చు. మీ పార్కుకీ ఇలాంటి రంగుల పట్టిక ఒకటి తయారు చేసుకోండి, ఫొటోల సంవత్సరాలు తేల్చడానికి దానంత పనికొచ్చేది ఇంకోటి లేదు.

తర్వాత పట్టాలు. 1967లో అక్కడ పీపుల్‌మూవర్ అని నెమ్మదిగా సాగే పెట్టెల బండి పెట్టారు. పెట్టెల్లో ఇంజిన్ ఉండదు. పైన కట్టిన దారిలో వరసగా అమర్చిన టైర్లు కరెంటు మోటార్లతో తిరుగుతూ పెట్టెల్ని ముందుకు తోస్తాయి. టైర్లు చేసే గుడ్‌ఇయర్ కంపెనీయే దానికి స్పాన్సర్. 1995లో అది ఆగింది. 1998లో అదే దారి మీద రాకెట్ రాడ్స్ అని వేగంగా వెళ్లే బండ్లు వదిలారు. మెల్లగా పోవడానికి కట్టిన దారిలో మలుపులు సమంగా, ఏ వాలూ లేకుండా ఉంటాయి కదా, వేగంగా వెళ్లే బండి ప్రతి మలుపులోనూ బ్రేకు వేయాలి, మళ్లీ వేగం అందుకోవాలి. టైర్లు అరిగాయి, బండ్లు మాటిమాటికీ ఆగాయి, 2000 నాటికి మూతపడింది. దారి మాత్రం ఇప్పటికీ ఖాళీగా తలమీద నిలబడి ఉంది. నన్నడిగితే టుమారోల్యాండ్ మొత్తం చరిత్రలో ఎవరైనా ఒక్క పేరానే రాయాల్సి వస్తే ఇదే రాయాలి. ముందువాళ్లు కట్టింది తర్వాతివాళ్ల చేతులు ఎలా కట్టేస్తుందో దీనికన్నా బాగా ఏదీ చెప్పదు.

కొన్నిసార్లు భవనం ఉండిపోయి కథ మారుతుంది. అదే 1967లో తెచ్చిన గుండ్రటి థియేటర్ ఒకటుంది. మధ్యలో వేదిక కదలదు, చుట్టూ ప్రేక్షకులు కూర్చున్న ఆరు గదులు రింగులా తిరుగుతాయి. 1973 దాకా కరెంటు వల్ల ఇంటి జీవితం ఎలా మారిందో చూపించే ప్రదర్శన, స్పాన్సర్ జనరల్ ఎలక్ట్రిక్. అది ఫ్లోరిడాలోని డిస్నీ పార్కుకి తరలిపోయింది. 1974 నుంచి 1988 దాకా పాటలు పాడే జంతువుల బొమ్మలు. ఆ ప్రదర్శన మూసేశాక బొమ్మలు చాలావరకు అదే పార్కులో 1989లో తెరిచిన స్ప్లాష్ మౌంటెన్ అనే రైడ్‌లో చేరాయి, రెండు పెద్దబాతుల్ని మాత్రం అంతకు ముందే తీసి, తోలు ఊడదీసి లోపలి యంత్రాల్ని స్టార్ టూర్స్ అనే రైడ్ క్యూలో రోబోలుగా నిలబెట్టారు. చంద్రుడి మీదికి తీసుకెళ్లే రాకెట్ ప్రయాణం ఇంకో పాఠం. 1969లో నిజంగానే మనుషులు చంద్రుడి మీద దిగాక అందులో కొత్తేముంది? 1975లో దాన్ని అంగారక యాత్రగా మార్చారు, 1992లో మూసేశారు, 1998లో ఆ భవనం పిజ్జా హోటల్ అయింది.

అందుకే మీరు వస్తువుల వలస కూడా రాసుకోవాలి. ఒక మూల మూతపడితే అక్కడి బొమ్మలు, గుర్రాలు, బెంచీలు ఎక్కడికి పోయాయని వెతకండి. రైడ్ల మీద ఎక్కడో ఒకచోట, మోటారు పక్కనో మెట్ల కిందో, తయారీదారు పేరు, సంఖ్య, సంవత్సరం చెక్కిన చిన్న రేకు ఉంటుంది. దాని ఫొటో తీసుకోండి. ఆ సంవత్సరానికీ ఈ పార్కులో తెరిచిన సంవత్సరానికీ ఏడెనిమిదేళ్ల తేడా ఉంటే ఆ రైడ్ ఇంకెక్కడో తిరిగి వచ్చిందేమో చూడాలి. లోపలికి వెళ్లి తీయకండి, అడిగి తీయండి. ఒకచోట అడగకుండా తీసినందుకు సెక్యూరిటీ ఆయన నా ఫోనులో ఫొటోలన్నీ దగ్గరుండి చెరిపించాడు, తప్పు నాదే, అప్పటి నుంచి ముందు ఆఫీసుకి వెళ్లి ఎందుకు వచ్చానో చెప్పి మరీ మొదలుపెడుతున్నాను.

పేర్లు కూడా ఇలాగే అంటుకుని ఉంటాయి. వడపళనిలో విజయా వాహినీ స్టూడియోలు పోయి చాలా కాలమైంది, కానీ విజయ అన్న పేరు అక్కడి ఆస్పత్రికీ మాల్‌కీ ఉంది. పార్కుల్లోనూ అంతే, హోటల్ మెనూలోనో, లాకర్ గది బోర్డులోనో, బస్‌స్టాప్ పేరులోనో పాత పేరు దాక్కుని ఉంటుంది. వీజీపీ గోల్డెన్ బీచ్ తర్వాత వీజీపీ యూనివర్సల్ కింగ్‌డమ్ అయింది, అయినా మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ గోల్డెన్ బీచే అంటారు. వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి. తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడింట్లోనూ వెతకండి.

ఇంట్లో కూర్చుని చేసే పని కూడా ఉంది, ఇది తొందరగా చెప్పేస్తాను. గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు ఏడాదివారీగా చూడొచ్చు. మీ మూల మీద ఆపి ఒక్కో ఏడాదీ జరపండి, ఏ ఏడాది కప్పు కనిపించింది, ఏ ఏడాది చెట్లు పోయాయి అని రాసుకోండి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పార్కు పాత వెబ్‌సైట్, పాత మ్యాపు దొరకొచ్చు. పార్కు కంపెనీ స్టాక్ మార్కెట్‌లో ఉంటే ఇంకా మంచిది. బెంగళూరు దగ్గర బిడదిలో 2005 నుంచి ఉన్న వండర్‌లా అలాంటిదే, కంపెనీ 2014లో లిస్టయింది, అప్పటి నుంచి వార్షిక నివేదికలు ఎవరైనా చదువుకోవచ్చు. అందులో కొత్త రైడ్ల మీద పెట్టిన ఖర్చు, వచ్చిన జనం లెక్కలు ఉంటాయి. బెంగళూరులో ఉన్నవాళ్లు మొదటిసారి చేస్తుంటే అక్కడ మొదలుపెట్టమంటాను, కాగితం ఆధారం చేతిలో ఉంటే ధైర్యంగా ఉంటుంది.

కానీ కాగితం చెప్పనిది మనుషులు చెప్తారు. పదేళ్ల పైబడి అక్కడే పనిచేస్తున్న రైడ్ ఆపరేటర్, పెయింటర్, కాంటీన్ అక్క, గేటు బయట మొక్కజొన్న కంకులు అమ్మే తాత. క్యూలో జనం ఉన్నప్పుడు అడగకండి, పొద్దున గేట్లు తెరిచిన మొదటి అరగంటలో వెళ్లండి. "మున్నాడి ఇంగ ఎన్న ఇరుందుచ్చు" అని, అంటే ముందు ఇక్కడ ఏముండేది అని, వేలు పెట్టి చూపించి అడగండి. మన తమిళం వంకరగా ఉన్నా ఫరవాలేదు, అడిగినందుకే సంతోషిస్తారు. చెన్నైలో తెలుగు వచ్చినవాళ్లు కూడా తక్కువేం కాదు, నేను రెండు ముక్కలు తమిళంలో మాట్లాడగానే "ఏ ఊరమ్మా మీది" అని తెలుగులో అడిగిన పెయింటర్ ఒకాయన ఉన్నాడు.

ఏ సంవత్సరం అని మాత్రం అడగొద్దు. ఎవరికీ సంవత్సరం గుర్తుండదు, ఏదో ఒకటి చెప్పేస్తారు. సునామీకి ముందా తర్వాతా అని అడగండి, అంటే 2004 డిసెంబర్. పెద్ద వరదలకి ముందా అంటే 2015. వర్దా తుఫాను వచ్చినప్పుడు ఆ చెట్టు ఉందా అంటే 2016. కోవిడ్‌కి ముందు మూశారా తర్వాత మూశారా. ఇలా నాలుగు మేకులు కొట్టుకుంటే ఏ మార్పైనా రెండిటి మధ్య ఇరుక్కుంటుంది. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే ఇద్దరి మాటా రాయండి, ఎవరు చెప్పారో, ఆయన అక్కడ ఎప్పటి నుంచి ఉన్నారో కూడా.

మా అన్నయ్య ఫొటో సంవత్సరం తేలిందీ ఇలాగే. వెనక బోర్డులో గోల్డెన్ బీచ్ అని సగం కనిపిస్తోంది, కాబట్టి పేరు మారక ముందు. ప్రింటు వెనక తేదీ లేదు. కానీ భూతద్దం పెట్టి చూస్తే నాలుక పైన ముందు పన్ను లేదు, తల మీద వెంట్రుకలు వేలెడు కూడా లేవు. పెద్దమ్మకి చూపించగానే, "తిరుపతిలో గుండు చేయించి నేరుగా మద్రాసు వచ్చామే, ఒకటో క్లాసు సెలవల్లో" అంది. అన్నయ్య పుట్టింది 1985లో. పాలపన్ను ఊడిన వయసు, ఒకటో క్లాసు వేసవి సెలవలు, అంటే 1992. మూడు ఆదివారాలు తలబద్దలు కొట్టుకున్నది పెద్దమ్మని మొదటి రోజే అడిగి ఉంటే పది నిమిషాల్లో తేలేది. కాబట్టి ఇంట్లో ఆల్బంలు మొదట చూడండి, పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. అలాంటి ఫొటోల్లో మనుషుల్ని కాదు, వాళ్ల భుజాల వెనక ఉన్నదాన్ని చూడటం అలవాటు చేసుకోవాలి.

రాసేటప్పుడు రైడ్ల జాబితాలా రాయకండి, చదవలేం. ఒక గ్రాఫ్ కాగితం మీద ఆ మూల పటం గీసి, దాని మీద ట్రేసింగ్ పేపర్ పరిచి ఒక్కో కాలానికి ఒక్కో పొర గీయండి. అన్ని పొరలూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి పట్టుకుంటే ఏది కదల్లేదో అదే నల్లగా కనిపిస్తుంది. కథ అక్కడ మొదలుపెట్టండి. అది ఎందుకు కదల్లేదు, దాని చుట్టూ ఏవేవి వచ్చి పోయాయి, ఎవరి డబ్బుతో వచ్చాయి, ఎందుకు పోయాయి, ఈ వరసలో రాస్తే పిల్లలు కూడా వదలకుండా చదువుతారు. మా అన్నయ్య కూతురు అలాగే నాలుగు పొరలు గీసింది. మూడో పొర మీద ఆ సిలై మనిదన్ నిలబడ్డ చోట ఒక చుక్క పెట్టి "నాన్న, పన్ను లేదు" అని రాసింది.

ఇంకో పని కూడా ఉంది, దానికి ఇదే సమయం. 2025 డిసెంబర్‌లో తిరుప్పోరూర్ దగ్గర వండర్‌లా చెన్నై పార్కు తెరిచారు. అక్కడ ఇప్పుడు అన్నీ మొదటి పొరే. ఈసారి వెళ్లినప్పుడు మీ పిల్లల్ని ద్వారం ముందు నిలబెట్టి ఒక ఫొటో తీశాక, వాళ్లని పక్కకి జరిపి అదే చోట నుంచి ఇంకో ఫొటో తీయండి, నేల, కప్పు, బోర్డు మొత్తం పడేలా. మ్యాపు కాగితం ఇస్తే మడిచి దాచండి. ఒక్క ఫొటో అయినా ప్రింటు వేయించి, వెనక బాల్‌పెన్నుతో తేదీ, ఎక్కడ నిలబడి తీశారో, ఎటు వైపు చూస్తూ తీశారో రాయండి.